జీతం కన్నా ముందు సెలవులు లెక్కపెట్టాలి

దీర్ఘకాలిక జబ్బుతో ఉంటూ ఉద్యోగంలో ఎదగాలనుకునే కె.కోటపాడు యువతకు ఒక అంకెల పాఠం

వారానికి 48 గంటలు. ఫ్యాక్టరీ కార్మికుడి చేత కంపెనీ మామూలుగా చేయించుకోగలిగిన పనికి చట్టం గీసిన గీత అది. వారానికి 12 గంటలు. కిడ్నీలు చెడిపోయి డయాలిసిస్ మీదున్న మనిషి యంత్రం పక్కన పడుకోవాల్సిన సమయం ఇది. ఈ రెండూ ఒకే మనిషికి వస్తే ఏమవుతుంది? మనవాళ్లు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: "ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండరా, ప్రాణం ముఖ్యం." ప్రాణం ముఖ్యమే. కానీ పాతికేళ్ల వయసులో జబ్బు బయటపడితే ముందు ఇంకో 35 ఏళ్ల ఉద్యోగ జీవితం ఉంటుంది. ఆ 35 ఏళ్లనూ మంచానికి అప్పగించేముందు ఒకసారి కాగితం, కలం తీసుకుని లెక్క వేసుకోవాలి. శరీరం ఆపే పనులు కొన్నే. ఎక్కువ పనులను ఆపేది సెలవులు, షిఫ్టులు, దూరం, బీమా. వీటిని ముందే లెక్క చూసుకోవచ్చు.

ఈ లెక్కకు కె.కోటపాడును ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న మండలం ఇది. పల్లెటూరే, కానీ సబ్బవరం, పెందుర్తి మీదుగా బస్సెక్కితే మహా నగరం. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, గాజువాక పరిశ్రమలు రోజూ వెళ్లి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. పెద్ద ఆసుపత్రి అంటే మాత్రం ఇప్పటికీ విశాఖ కేజీహెచ్. ఉద్యోగం ఒక దిక్కున, వైద్యం ఇంకో దిక్కున, ఇల్లు మరో దిక్కున ఉన్న ఇలాంటి ఊళ్లోనే జబ్బు, ఉద్యోగం రెండూ నడపడం ఎంత కష్టమో స్పష్టంగా తెలుస్తుంది.

ఊరికి ఎంతమంది?

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 1,13,043 మందిని పరీక్షించి తేల్చిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. 20 ఏళ్లు దాటినవాళ్లలో ఇది 11.4 శాతం. ఇంకో 13.6 కోట్ల మంది షుగరు అంచున ఉన్నారు. బీపీ అయితే 35.5 శాతం మందికి.

పట్నంతో పోలిస్తే పల్లెల్లో షుగరు తక్కువే: పట్నంలో 16.4 శాతం, పల్లెలో 8.9 శాతం. దేశ గ్రామీణ సగటునే మన ఊరికి అన్వయించుకుందాం. వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఊళ్లో దాదాపు 89 మందికి షుగరు, 330 మందికి బీపీ ఉంటాయి. మందులిచ్చే 104 బండి వచ్చిన రోజు ఆ వరుసలో నిలబడేవాళ్లంతా ముసలివాళ్లు కారు. పొలం పనికి, షిఫ్టు డ్యూటీకి వెళ్లాల్సిన వయసువాళ్లూ ఉంటారు.

ఇవి కాక తక్కువ మందికి వచ్చి ఎక్కువ బాధపెట్టే జబ్బులున్నాయి. టైప్ 1 షుగరు, కిడ్నీ జబ్బు, కీళ్లవాతం, లూపస్, మూర్ఛ, తలసీమియా, సికిల్ సెల్. మాడుగుల దాటి పాడేరు ఘాటీ ఎక్కితే సికిల్ సెల్ కొత్త పేరేమీ కాదు. 2047 కల్లా ఆ జబ్బు సమస్య లేకుండా చెయ్యాలని 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలన్నది లక్ష్యం. పరీక్షలో జబ్బు తేలినవాళ్లలో చదువుకుంటున్నవాళ్లు, అప్పుడే ఉద్యోగాల వేటలో పడినవాళ్లే ఎక్కువ ఉంటారని ఆ వయసు హద్దే చెబుతోంది.

జబ్బు అడిగే గంటలు

ఏ జబ్బైనా ముందు అడిగేది డబ్బు కాదు, సమయం. ఎంత సమయమో చూద్దాం.

టైప్ 1 షుగరున్న మనిషికి సాధారణంగా రోజుకు 4 ఇన్సులిన్ ఇంజెక్షన్లు పడతాయి. ఏడాదికి 1,460. వీటిలో కనీసం ఒకటి, షిఫ్టును బట్టి రెండు, పనిచేసే చోటే వేసుకోవాలి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తెరిచాక చల్లటి చోట ఉంచితే సుమారు 28 రోజులు వాడుకోవచ్చు. మే నెలలో షిఫ్టు బస్సులో సంచిలో పెట్టుకుని తీసుకెళ్లడం కుదరదు. రక్తంలో చక్కెర 70 కిందికి పడిపోతే 15 గ్రాముల చక్కెర తీసుకుని 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి. అంటే ఈ ఉద్యోగి సూపర్‌వైజరును అడిగేది పావుగంట విరామం, మందు పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో కాస్త చోటు. ఇంతకు మించి ఏమీ లేదు.

ఇక్కడే ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటల పరిమితిని 10కి, విరామం లేకుండా పనిచేయించే సమయాన్ని 5 గంటల నుంచి 6 గంటలకు పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 గంటల గీత మారలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆ ఒక్క గంట పెద్ద తేడా కాకపోవచ్చు. ఇన్సులిన్ వేసుకున్న మనిషికి మాత్రం 5 గంటలకు, 6 గంటలకు మధ్య కళ్లు తిరిగి పడిపోయేంత తేడా ఉండొచ్చు.

తలసీమియా ఉన్నవాళ్లకు 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 3 వారాలకోసారి అనుకుంటే ఏడాదికి 17 రోజులు ఆసుపత్రిలోనే గడిచిపోతాయి.

డయాలిసిస్ మాటకొస్తే వారానికి 3 సార్లు, సారికి 4 గంటలు. ఏడాదికి 156 సార్లు. కె.కోటపాడు నుంచి విశాఖ వెళ్లి చేయించుకోవాలంటే పోను గంటన్నర, రాను గంటన్నర, అక్కడ ఎదురుచూపులకు ఇంకో గంట వేసుకుందాం. రోజుకు 8 గంటలు, వారానికి 24. కంపెనీకి ఇచ్చే 48 గంటల్లో సరిగ్గా సగం. ఇందులో యంత్రం తీసుకున్నవి 12 గంటలే, మిగతా 12 దారి, వరుస మింగేశాయి. ఇంటికి దగ్గర్లో డయాలిసిస్ కేంద్రం ఉండటమంటే ఒక సౌకర్యం మాత్రమే కాదు, ఆ రోగికి సగం ఉద్యోగం తిరిగి ఇచ్చినట్టే. ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పెరిటోనియల్ డయాలిసిస్ ఇంకో మార్గం. రోజుకు సుమారు 4 సార్లు, సారికి అరగంట పడుతుంది. యంత్రంతో రాత్రిపూట చేసుకునే పద్ధతి కూడా ఉంది. ఇది తమకు సరిపోతుందో లేదో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. చాలామంది అసలు అడగనే అడగరు.

కిడ్నీ జబ్బుకు 5 దశలుంటాయి. కిడ్నీ వడపోత సామర్థ్యాన్ని చెప్పే జీఎఫ్ఆర్ అంకె 90 పైన ఉంటే 1వ దశ, 60 నుంచి 89 అయితే 2, 30 నుంచి 59 అయితే 3, 15 నుంచి 29 అయితే 4, 15 కిందికి పడితే 5. డయాలిసిస్ అవసరం వచ్చేది చివరి దశలో. మూడో దశలో పట్టుబడిన జబ్బును బీపీ, షుగరు అదుపుతో ఏళ్ల తరబడి అక్కడే నిలబెట్టిన వాళ్లున్నారు. ఉద్యోగంలో ఎదగడానికి దొరికే ఏళ్లు అవే. కాబట్టి ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం వైద్యానికే కాదు, ఉద్యోగానికీ పెట్టుబడి.

సెలవుల దగ్గర తేలే అసలు తేడా

జబ్బు అడిగే రోజులు తెలిశాయి. ఉద్యోగం ఇచ్చే రోజులెన్ని?

ఫ్యాక్టరీలో 20 రోజులు పనిచేస్తే 1 రోజు జీతంతో కూడిన సెలవు. ఏడాదిలో 300 రోజులు పనిచేస్తే 15. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగికి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 30 ఎర్న్‌డ్ లీవులు, సగం జీతంతో ఇంకో 20. మొత్తం 65.

ఇప్పుడు తలసీమియా ఉన్న యువతి సంగతి చూడండి. ఆమెకు కావలసింది 17 రోజులు. ఫ్యాక్టరీ ఇచ్చేది 15. జ్వరం రాకుండా, పండక్కి ఇంటికెళ్లకుండా, పెళ్లికి పోకుండా ఏడాదంతా పనిచేసినా 2 రోజులు తక్కువే పడతాయి. ప్రభుత్వ ఉద్యోగమైతే 17 పోను 48 మిగులుతాయి. రెండు ఉద్యోగాల జీతాలూ ఒకటే అయినా, ఆమె దృష్టిలో అవి ఒకటి కావు. నెలకు 4 వేలు ఎక్కువిచ్చే చోటికి మారబోతున్న స్నేహితురాలిని చూసి ఈమె మారకపోతే "ఆశ లేదు" అనుకోకూడదు. సెలవుల్ని కూడా జీతంలో భాగంగా లెక్కేసింది, అంతే.

మన ప్రాంతంలో చాలా ఇళ్లలో అమ్మానాన్నలు "గవర్నమెంటు ఉద్యోగమే రా" అని పట్టుబట్టడానికి భద్రత కారణం అనుకుంటాం. జబ్బున్న పిల్లల విషయంలో ఆ పట్టుదలకు ఈ 50 రోజుల తేడా గట్టి ఆధారం. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల వల్ల ఇంటికి పది, పదిహేను కిలోమీటర్లలోపు ప్రభుత్వ కొలువు కొందరికైనా అందే వీలు కలిగింది. జబ్బున్న మనిషికి దూరం తగ్గడమూ జీతం పెరగడం లాంటిదే.

ఈఎస్ఐ: 70, 91, 80, 21 వేలు

ప్రైవేటులో ఉన్నవాళ్లకు అసలు అండ ఈఎస్ఐ. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీలకు ఇది వర్తిస్తుంది. 2017 జనవరి నుంచి జీతం పరిమితి నెలకు 21 వేల రూపాయలు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 18 వేలు తీసుకునే కుర్రాడి జీతం నుంచి కోసేది 135 రూపాయలు, కంపెనీ కలిపేది 585. ఆ 135 కోతను చూసి విసుక్కునేవాళ్లు దానికి ఏం వస్తుందో చూడాలి.

మొదటిది, కుటుంబానికంతా వైద్యం. రెండోది, జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకు 70 శాతం వేతనం, ఏడాదికి 91 రోజుల వరకు. దానికి అంతకుముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. 18 వేల జీతగాడికి రోజుకు సుమారు 420 రూపాయలు, 91 రోజులకు 38 వేల పైచిలుకు. మూడోది చాలామందికి తెలియనిది. టీబీ, క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం వేతనం, రెండేళ్ల వరకు వస్తుంది. దీనికి కనీసం రెండేళ్లు వరసగా ఉద్యోగంలో ఉండి, ఆ కాలంలో 156 రోజులకు చందా కట్టి ఉండాలి.

ఆ 'రెండేళ్లు' అన్న షరతు మన కుర్రాళ్ల అలవాటుకు అడ్డం వస్తుంది. ఎనిమిది నెలలు ఇక్కడ, పది నెలలు అక్కడ, మధ్యలో రెండు మూడు నెలలు ఇంటి దగ్గర. కాంట్రాక్టరు మారితే నంబరు మారడం, పాత నంబరు పోగొట్టుకోవడం. జబ్బు లేనివాడికి ఇది నష్టంగా కనిపించదు. జబ్బున్నవాడికి మాత్రం ఈఎస్ఐ నంబరు ఒకటే ఉండాలి, చందా మధ్యలో తెగకూడదు. కంపెనీ మారినా పాత ఐపీ నంబరే కొత్త చోట ఇవ్వాలి.

ఇంకో మెలిక ఉంది. 20,500 దగ్గరున్న మనిషికి ఇంక్రిమెంటు వచ్చి 21,500 అయితే, అప్పుడు నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిశాక ఈఎస్ఐ నుంచి బయటికి వచ్చేస్తాడు. పెరిగింది ఏడాదికి 12 వేలు. పోయింది కుటుంబ వైద్యం, 91 రోజుల భృతి, రెండేళ్ల రక్షణ. ప్రమోషన్ వద్దనమని కాదు. ఆ గీత దాటేటప్పుడు కంపెనీ గ్రూపు బీమా ఇస్తుందా, పాత జబ్బుకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అని కాగితం మీద రాయించుకున్నాకే దాటాలి. వైకల్య ధ్రువపత్రం ఉన్నవాళ్లకు ఈ పరిమితి 25 వేలు. ఆ పత్రం, అంటే సదరం సర్టిఫికెట్, పింఛనుకే కాదు, ఇక్కడా పనికొస్తుంది.

అచ్యుతాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రికి 2024 అక్టోబరు 29న ప్రధాని శంకుస్థాపన చేశారు. అది అందుబాటులోకి వస్తే సెజ్‌లో పనిచేసే కె.కోటపాడు, చోడవరం కార్మికులకు ఆసుపత్రి పని కోసం విశాఖ పోయే రోజు చాలావరకు మిగులుతుంది.

21, 40, 5, 4: చట్టం గీసిన గీతలు

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే ఇందులో 21. తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్, మల్టిపుల్ స్క్లీరోసిస్, పార్కిన్సన్స్ అలా చేరినవే. వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రవేశ వయసులో 5 ఏళ్ల సడలింపు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. ఉద్యోగాల దగ్గరకొచ్చేసరికి 4 శాతం రిజర్వేషను పొందే విభాగాల జాబితాలో రక్త సంబంధ జబ్బులు లేవు. మల్టిపుల్ స్క్లీరోసిస్, పార్కిన్సన్స్ కూడా లేవు. అంటే సికిల్ సెల్ ఉన్న విద్యార్థినికి చట్టం కాలేజీ తలుపు తెరిచి, నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం తలుపు దగ్గర వదిలేస్తుంది. షుగరు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, లూపస్ అయితే ఆ 21లోనే లేవు. వాటివల్ల చూపు పోతేనో, కాళ్లు చేతులు దెబ్బతింటేనో మాత్రం వేరే విభాగంలో వస్తారు. రోగం ముదిరి అవయవం పోయే దాకా చట్టం కంటికి ఆనరన్నమాట.

కానీ 40 శాతం గీతకు కింద ఉన్నవాళ్లకు హక్కులే లేవని కాదు. సివిల్స్ రాయాలనుకున్న వికాస్ కుమార్‌కు రాసేటప్పుడు చేతివేళ్లు పట్టేసే దీర్ఘకాలిక నరాల జబ్బు ఉంది. పరీక్ష రాసిపెట్టే సహాయకుడిని ఇవ్వడానికి యూపీఎస్సీ ఒప్పుకోలేదు, 40 శాతం లేదంది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 40 శాతం గీత రిజర్వేషన్లకు సంబంధించినదే తప్ప, తగిన సౌకర్యం పొందే హక్కుకు అది అడ్డు కాదని తేల్చింది. దాని ఫలితంగా 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. కీళ్లవాతంతో వేళ్లు వంగని మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. జేఈఈ మెయిన్ లాంటి పరీక్షలకు షుగరున్న విద్యార్థులు చక్కెర మాత్రలు, అరటిపండు, నీళ్ల సీసా తీసుకెళ్లొచ్చన్నది కూడా హాల్‌టికెట్ రోజుకు ముందే చదవాల్సిన నిబంధన.

ఉద్యోగంలో చేరాక వైకల్యం వస్తే ఆ చట్టంలోని 20వ సెక్షను అండగా ఉంటుంది. ప్రభుత్వ సంస్థ అలాంటి ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో ఇంకో పని చూపించాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి. రంగులు గుర్తుపట్టలేడని తెలంగాణ ఆర్టీసీ తొలగించిన ఒక డ్రైవరు విషయంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే ధోరణిలో ఉంది: పొమ్మనేముందు వేరే పని చూడాలి.

ప్రైవేటు యజమానిని కూడా నేరుగా కట్టడి చేసేలా ఒకే ఒక్క దీర్ఘకాలిక జబ్బు కోసం వచ్చిన చట్టం హెచ్ఐవీ చట్టం. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలు చేశారు. ఉద్యోగానికి హెచ్ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదు, హెచ్ఐవీ ఉందన్న కారణంతో తీసెయ్యకూడదు. 2021 అంచనాల్లో దేశ సగటు 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం కాబట్టి ఈ చట్టం అవసరం మనకే ఎక్కువ. అలాంటి రక్షణ షుగరుకో, మూర్ఛకో ఎందుకు ఉండకూడదు? నిజాయతీగా అడగాల్సిన ప్రశ్న ఇది.

బీమాలో 3, 5

2024 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా నిబంధనలు మారాయి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు గరిష్ఠ నిరీక్షణ కాలం 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గింది. వరసగా 5 ఏళ్లు ప్రీమియం కట్టాక, ముందే చెప్పలేదన్న సాకుతో క్లెయిము తోసిపుచ్చడానికి వీల్లేదు. మోసం రుజువైతే తప్ప. అంతకుముందు ఇది 8 ఏళ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది.

దీన్ని ఉద్యోగ ప్రయాణంతో కలిపి చూడండి. 24 ఏళ్లకు తొలి ఉద్యోగంలో కంపెనీ బీమా ఉన్నప్పుడే సొంత పాలసీ ఒకటి, జబ్బు దాచకుండా చెప్పి మొదలుపెడితే 27 ఏళ్లకు నిరీక్షణ ముగుస్తుంది. ఆపైన ఉద్యోగం మారాలన్నా, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలన్నా "బీమా పోతుంది" అన్న భయం కాళ్లకు అడ్డం పడదు. 30 ఏళ్లకు మొదలుపెడితే అదే స్వేచ్ఛ 33కి వస్తుంది. తెల్లకార్డున్న కుటుంబాలకు ప్రభుత్వ ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 25 లక్షలకు పెంచారు. అయితే జీతం పెరిగి, పన్ను పరిధిలోకి వచ్చి కార్డు పోయే రోజు కూడా లెక్కలో ఉండాలి.

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద డయాలిసిస్ రోగులకు, 3, 4, 5 దశల కిడ్నీ రోగులకు, తలసీమియా, సికిల్ సెల్, హిమోఫీలియా ఉన్నవాళ్లకు నెలకు 10 వేల పింఛను అందుతోంది. మందులకు, ప్రయాణానికి అది పెద్ద ఊరట. కానీ పాతికేళ్ల మనిషికి పింఛను ఉద్యోగానికి బదులు కాకూడదు, ఉద్యోగానికి వెళ్లే బస్సు ఛార్జీ కావాలి.

ఆశను వదలడం వేరు, మలుచుకోవడం వేరు

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమయోర్‌కు 7 ఏళ్ల వయసులో టైప్ 1 షుగరు బయటపడింది. చిన్నప్పుడు డిటెక్టివ్ కావాలనుకున్నారు. షుగరుతో ఆ పని కుదరదన్నారు పెద్దలు. ఆమె చూపు న్యాయవాద వృత్తి వైపు మళ్లింది. 2009లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానానికి చేరారు. క్రికెటర్ వసీం అక్రమ్‌కు టైప్ 1 షుగరు తేలింది 1997లో. ఆయన 2003 వరకు ఆడారు, వన్డేల్లో 502 వికెట్లు తీశారు.

మన తెలుగు సినిమాలో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరులో ప్రకటించారు. కండరాలు వాచి బలహీనపడే జబ్బు అది. ఒప్పుకున్న సినిమాలు పూర్తిచేసి 2023 మధ్యలో సుమారు ఏడాది విరామం తీసుకున్నారు. 2025 మే 9న 'శుభం'తో నిర్మాతగా వచ్చారు. ఆమె ధైర్యం గురించి చాలా రాశారు. ఆ విరామం ఖర్చు గురించి తక్కువ మాట్లాడారు. ఏడాది ఆగి తిరిగి రాగలిగే ఆర్థిక బలం ఆమెకుంది. సెజ్‌లో కుట్టుమిషను మీద పనిచేసే అమ్మాయికి అదే జబ్బు వస్తే ఏడాదికి 91 రోజులు, అదీ 70 శాతం వేతనంతో. కాబట్టి తారల కథల నుంచి తీసుకోవాల్సింది "పట్టుదల ఉంటే చాలు" అన్న మాట కాదు. ఆగడానికి చోటుంటే మనిషి తిరిగి వస్తాడన్నది.

మలుచుకోవడానికి దగ్గరి ఉదాహరణ రైల్వే. మన దగ్గర రైల్వే ఉద్యోగానికి చదివే పిల్లలు ఎందరో. నోటిఫికేషన్‌లో జీతం కాలమ్‌తో పాటు మెడికల్ స్టాండర్డ్ అని ఇంకో కాలమ్ ఉంటుంది. రైల్వేలో ఏ-1 నుంచి సి-2 దాకా 7 తరగతులున్నాయి. అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఏ-1, స్టేషన్ మాస్టర్‌కు ఏ-2, గుమాస్తా పోస్టులకు సి-2. ఇన్సులిన్ మీదున్న కుర్రాడు మూడేళ్లు లోకో పైలట్‌కే చదివి, అన్నీ గెలిచి చివరి మెడికల్‌లో ఓడిపోవడం కన్నా మొదటి రోజే ఆ కాలమ్ చదివి దారి మార్చుకుంటే ఆ మూడేళ్లు మిగులుతాయి.

చెప్పాలా, దాచాలా?

జబ్బున్న ప్రతి ఒక్కరినీ వేధించే ప్రశ్న ఇది. పెళ్లిచూపుల్లో దాచినట్టే ఇంటర్వ్యూలోనూ దాచమంటారు ఇంట్లోవాళ్లు. దీనికి ఒకే జవాబు లేదు, మూడు సందర్భాలున్నాయి. బీమా ఫారంలో తప్పకుండా చెప్పాలి. దాస్తే క్లెయిము పోతుంది. ప్రమాదం ఉన్న పనులకు, అంటే ఎత్తు మీద పని, బాయిలర్ దగ్గర పని, బండి నడపడం లాంటివాటికి చెప్పాలి. అక్కడ దాచింది మన ప్రాణాన్నే కాదు, పక్కవాడి ప్రాణాన్నీ తీయొచ్చు. ఇక మామూలు కుర్చీ పని అయితే ఆఫర్ చేతికొచ్చాక, అవసరమైన సౌకర్యంతో కలిపి చెప్పడం మేలు. "నాకు షుగరుంది" అని ఊరుకోకుండా "మధ్యాహ్నం పావుగంట, ఫ్రిజ్‌లో కొంచెం చోటు, రాత్రి షిఫ్టు వరసగా రెండు వారాలు వద్దు" అని అంకెలతో చెబితే మేనేజరుకు భయం తగ్గుతుంది, నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది.

కనీసం ఇద్దరు తోటి ఉద్యోగులకైనా చెప్పి ఉంచాలి. షుగరు పడిపోయి మాట తడబడుతుంటే తాగొచ్చాడనుకోకుండా నోట్లో చక్కెర వెయ్యాలని తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

చేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఆరు అంకెలు ఒక కాగితం మీద రాయండి.

1. జబ్బుకు ఏడాదికి కావలసిన రోజులు.
2. ఉద్యోగం ఇచ్చే జీతంతో కూడిన సెలవులు. రెండోది మొదటిదానికన్నా కనీసం 10 ఎక్కువ లేకపోతే ఆలోచించాలి.
3. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఆసుపత్రికి పట్టే గంటలు.
4. నెలకు ఎన్ని రాత్రి షిఫ్టులు.
5. ఈఎస్ఐ ఉందా, గ్రూపు బీమా ఉందా, పాత జబ్బుకు ఎప్పటి నుంచి వర్తిస్తుంది.
6. మందుల ఖర్చు పోను చేతికి మిగిలే జీతం. జీతం అంకె ఆరో వరుసలో రావడం పొరపాటు కాదు.

ఈ లెక్క ఒక్కసారి వేసి వదిలేసేది కాదు. జబ్బు దశ మారినప్పుడు, పెళ్లయినప్పుడు, బదిలీ వచ్చినప్పుడు, ప్రమోషన్ వచ్చినప్పుడు మళ్లీ వెయ్యాలి.

రోగి తన లెక్క తాను వేసుకుంటాడు. ప్రభుత్వం, కంపెనీలు వెయ్యాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. డయాలిసిస్ కేంద్రాల్లో పగలు పనిచేసేవాళ్ల కోసం సాయంత్రం షిఫ్టు నడపాలి. చట్టంలోని 21 వైకల్యాలకూ, 4 శాతం జాబితాకూ మధ్య ఉన్న ఖాళీని పార్లమెంటు పూరించాలి. 21 వేల ఈఎస్ఐ పరిమితిని జీతాలు పెరిగిన తీరుకు తగ్గట్టు సవరించాలి. ప్రతి ప్రైవేటు సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని వికలాంగుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. పరవాడ, అచ్యుతాపురం కంపెనీల గేటు దగ్గర ఆ కాగితం అడిగి చదివే అలవాటు ఉద్యోగార్థులకూ రావాలి.

జబ్బుతో పనిచేసే మనిషి కంపెనీని దయ అడగడం లేదు. కొంచెం సమయం, కొంచెం తక్కువ దూరం, నిక్కచ్చిగా ఇచ్చే సెలవు అడుగుతున్నాడు. అవి దొరికే ఉద్యోగం వెయ్యి రూపాయలు తక్కువిచ్చినా తీసుకోండి. అవి దొరకని ఉద్యోగం ఐదు వేలు ఎక్కువిచ్చినా రెండోసారి ఆలోచించండి.